కోయని కత్తికి పదును తెచ్చినవాడు

మన వంటింట్లోని స్టెయిన్‌లెస్ స్టీలు చాకును మొదట్లో తెగని కత్తి అని వెక్కిరించారంటే నమ్ముతారా? ఆ మాట పడ్డవాడు హ్యారీ బ్రియర్లీ.

1871లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టాడు. తండ్రి ఉక్కు కరిగించే కార్మికుడు. ఇంట్లో ఇబ్బందులతో 12 ఏళ్లకే బడి మానేశాడు. ఓ ఉక్కు కంపెనీ ల్యాబ్‌లో సీసాలు కడిగే పని దొరికింది. అక్కడే ఆగిపోలేదు. పని చేస్తూనే రాత్రి తరగతులకు వెళ్లి కెమిస్ట్రీ నేర్చుకున్నాడు. 1908లో బ్రౌన్ ఫర్త్ పరిశోధనశాలకు అధిపతి అయ్యాడు. పనిముట్ల ఉక్కు హీట్ ట్రీట్‌మెంట్‌పై 1911లో పుస్తకమూ రాశాడు.

తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోతున్నాయి, సంగతేంటో చూడమని 1912లో ఆయనకు పని అప్పగించారు. ఉక్కులో క్రోమియం పాళ్లు మారుస్తూ వెళ్లాడు. 1913 ఆగస్టులో పోతపోసిన ఉక్కులో క్రోమియం దాదాపు 12.8 శాతం. పరీక్ష కోసం యాసిడ్ పోస్తే అది లొంగలేదు. వెనిగర్‌కూ, నిమ్మరసానికీ మచ్చ పడలేదు. ఇది కత్తులకు పనికొస్తుందని ఆయనకు తట్టింది.

కత్తులు చేసేవాళ్లు మాత్రం పెదవి విరిచారు. నిజానికి లోపం ఉక్కులో లేదు, కాచే తీరులో ఉంది. మామూలు ఉక్కును 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాచి, చటుక్కున చల్లారిస్తే గట్టిపడుతుంది. అప్పుడది పెళుసుగా ఉంటుంది కాబట్టి తక్కువ వేడిలో మళ్లీ కాస్తారు. అదే టెంపరింగ్. కొత్త ఉక్కు దారి వేరు. అందులో కార్బన్ చాలావరకు క్రోమియంతో జట్టుకట్టి ఉంటుంది. ఆ జట్టు విడిపోయి ఉక్కులో కలవాలంటే వేడి వెయ్యి డిగ్రీల దరిదాపులకు చేరాలి. పాత అలవాటుతో కాస్తే కత్తి మెత్తగానే ఉండిపోతుంది.

ఈ సంగతి తెలిసిన బ్రియర్లీ 1914లో ఎర్నెస్ట్ స్టువర్ట్ అనే కత్తుల నిపుణుడితో కలిశాడు. రెండుసార్లు బెడిసికొట్టింది. మూడోసారి తానే దగ్గరుండి వేడి ఎంతుండాలో చూశాడు. కత్తి తెగింది, తుప్పూ పట్టలేదు.

హక్కుల విషయంలో యాజమాన్యంతో పేచీ వచ్చి 1915లో ఉద్యోగం వదిలేశాడు. 1920లో బెస్సెమర్ స్వర్ణ పతకం అందుకున్నాడు. 1948లో కన్నుమూశాడు.

కొత్త ఉక్కు ల్యాబ్‌లో పుట్టినా, కత్తిగా మారింది కొలిమి దగ్గరే. ఇంజినీరింగ్, ఐటీఐ విద్యార్థులు గుర్తుంచుకోవాల్సింది ఇదే. ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు. షాప్ ఫ్లోర్‌లో అది ఎక్కడ ఆగుతోందో వెళ్లి చూసేవారికే విలువ.