గోర్కీ అమ్మమ్మ

సెలవులకు వెళ్లొచ్చిన పిల్లలను అమ్మమ్మ ఏం కథ చెప్పిందని మేము అడుగుతుంటాం. చదువురాని ముసలమ్మకు ఏం తెలుసన్నట్టు నవ్వేస్తారు. అప్పుడు వాళ్లకు గోర్కీ సంగతి చెబుతాం.

‘అమ్మ’ నవల రాసిన మక్సీం గోర్కీ 1868లో రష్యాలో, ఓల్గా నది ఒడ్డున నీజ్నీ నోవ్‌గొరొద్ పట్నంలో పుట్టాడు. అసలు పేరు అలెక్సేయ్ పేష్కోవ్. మూడేళ్లకే తండ్రి కలరాతో పోయాడు. బట్టలకు రంగులద్దే తాత ఇంట్లో పెరిగాడు. తాత అక్షరాలు నేర్పాడు, ఒళ్లు వాచేలా కొట్టాడు కూడా. అమ్మమ్మ అకులీనాకు చదవడం రాదు. లేసు అల్లేది. రాత్రిళ్లు మనవడికి దొంగల కథలు, సాధువుల కథలు, పాటలుగా కట్టిన పాత గాథలు చెప్పేది. దెబ్బలు తిన్న పిల్లవాణ్ణి ఊరడించడమే ఆమెకు తెలుసు. ఓ రచయితను పెంచుతున్నానని ఎన్నడూ అనుకోలేదు.

తల్లి కూడా పోయాక, 11 ఏళ్లకే తాత అతణ్ణి పనికి పంపేశాడు. చెప్పుల దుకాణం, ఓడలో అంట్లు తోమడం, రొట్టెల బట్టీ. మనలో చాలామందికి తెలిసిన బతుకే. ఓడలో వంటవాడొకడు పుస్తకాల రుచి చూపాడు.

1887లో కజాన్‌లో ఉండగా అమ్మమ్మ పోయిందని ఉత్తరం అందింది. పూడ్చి అప్పటికే ఏడు వారాలు. బిచ్చమెత్తి ఇంట్లోవాళ్లను సాకుతూ, చర్చి మెట్ల దగ్గర పడి కాలు విరిగి చనిపోయిందట.

అతని మొదటి కథ అచ్చయింది 1892లో. తన బాల్యం గురించి రాసిన పుస్తకం 1913లో రావడం మొదలైంది. అందులో పేజీ పేజీకీ అమ్మమ్మే.

మా అమ్మమ్మ పాడిన పెళ్లిపాటల్లో మాకిప్పుడు గుర్తున్నవి రెండే. టీచర్ ట్రైనింగ్ రోజుల్లో నోట్సులెన్నో రాశాం, అవి మాత్రం రాసుకోలేదు.