కాజా నుంచి వరాహూరు దాకా: నారాయణ తీర్థుల నడక



ఈ వారం వీడియోలో తరంగాల గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక విషయం వదిలేశాను. టైం సరిపోలేదని చెప్పొచ్చు గానీ, నిజానికి కెమెరా ముందు చెప్పే ధైర్యం చాల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

విజయవాడ నుంచి గుంటూరు వెళ్తుంటే మంగళగిరి దాటాక కాజా టోల్‌గేట్ వస్తుంది. ఫాస్టాగ్ పని చేసిందా లేదా అని చూసుకుని మనం ముందుకెళ్లిపోతాం. ఆ కాజా ఊరే నారాయణ తీర్థుల జన్మస్థలం. తల్లావఝుల వారి ఇంట, 17వ శతాబ్దంలో, అంటే త్యాగరాజ స్వామికి చాలా ముందే పుట్టారు. పూర్వాశ్రమంలో ఆయన పేరు గోవింద శాస్త్రి. చదువుకున్నారు, పెళ్లయింది, అందరిలాగే ఒక సంసారం.

ఆ తర్వాత కృష్ణా నది ఆయన జీవితాన్ని మార్చేసిందని పెద్దలు చెప్తారు. అవతలి ఒడ్డున ఉన్న అత్తగారింటికి వెళ్లాలని నదిలో దిగారట. మధ్యలో ఉండగా వరద పెరిగింది. ఇక బతకనని అర్థమైంది. ప్రాణం పోయే క్షణంలో తీసుకునే ఆతుర సన్యాసం ఒకటి ఉంది కదా, నీళ్లలోనే దాన్ని తీసుకున్నారు. కానీ ప్రాణం పోలేదు. ఒడ్డుకు చేరారు. ఇంటికెళ్తే భార్యకు ఆయనలో భర్త కాదు, ఒక సన్యాసి కనిపించాడట. నదిలో ఇచ్చిన మాటకే కట్టుబడి ఆయన ఇల్లు వదిలారు. శివరామానంద తీర్థుల శిష్యుడై, నారాయణ తీర్థులయ్యారు.

చిన్నప్పుడు ఈ కథ విని భలే ఉందనుకున్నా. రెండేళ్ల క్రితం మాత్రం వేరేలా అర్థమైంది. ఒక రోజు ఆఫీసు మీటింగ్‌లో ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి ఆడలేదు. అయిపోయిందనుకున్నా. ఈసీజీ తీస్తే అంతా నార్మల్. అది పానిక్ అటాక్ అని తర్వాత సైకియాట్రిస్ట్ చెప్పారు. నీళ్లు లేని చోట మునిగిపోవడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది. ఒడ్డున పడ్డాక కూడా ఆ మనిషి మునుపటి మనిషి కాడన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

సన్యాసం తీసుకున్నాక కష్టాలన్నీ పోయాయా అంటే, లేదు. తీర్థయాత్రల్లో ఉండగా ఆయన్ని విపరీతమైన కడుపునొప్పి పట్టుకుందని చెప్తారు. తగ్గలేదు. ఆ నొప్పితోనే దక్షిణానికి నడిచారు. తంజావూరు ప్రాంతంలో నడుకావేరి అనే ఊళ్లో ఒక రాత్రి పడుకున్నప్పుడు, పొద్దున్నే మొదట కనిపించే ప్రాణి వెంట వెళ్లమని కలలో ఆజ్ఞ వచ్చిందట. తెల్లారగానే ఒక తెల్లటి వరాహం కనిపించింది. దాని వెనకే భూపతిరాజపురం అనే పల్లెకు చేరారు. అక్కడ నొప్పి తగ్గిందంటారు. అప్పట్నుంచి ఆ ఊరు వరాహూరు అయింది. తిరువయ్యారుకి దగ్గరే, కుడమురుట్టి నది ఒడ్డున ఉంటుంది.

ఈ కథను పట్టుకునే, రెండేళ్ల క్రితం బంధువుల్లో ఒకరు నాకు క్లాస్ తీసుకున్నారు. దేవుడి వీడియోలు చేసేవాడివి, నీకు ఆ మాత్రలెందుకు, ఆయన నొప్పి మాత్రలతో తగ్గిందా అని. సిగ్గేసింది. డాక్టర్‌కి చెప్పకుండా మందులు ఆపేశా. రెండు వారాలు నిద్ర లేదు. జపమాల పట్టుకుంటే చేయి వణికేది. చివరికి అమ్మే నన్ను మళ్లీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

తర్వాత అదే కథను మళ్లీ చదివా. ఈసారి చివర్లో నొప్పి తగ్గడం దగ్గర ఆగలేదు. దానికి ముందున్నదంతా చూశా. ఆయన నొప్పిని దాచుకోలేదు, దేవుడికి మొరపెట్టుకున్నారు. మొత్తం దారి ఒకేసారి చూపించమని అడగలేదు. పొద్దున్నే ఎదురైన దాని వెనక అడుగేశారు. అదీ వరాహం. దారి చూపించే సాయం మనం ఊహించుకున్న రూపంలో రావాలని లేదు కదా! నాకు ఒక తెల్లటి మాత్ర రూపంలో, వారానికో కౌన్సెలింగ్ రూపంలో వచ్చింది. అదీ ఆయన పంపిందే అనుకుంటా.

శ్రీకృష్ణలీలా తరంగిణి ఆ మహానుభావుడి రచనే. సంస్కృతంలో, 12 తరంగాలు. కృష్ణుడి పుట్టుక నుంచి రుక్మిణీ కల్యాణం దాకా శ్లోకాలు, పాటలు, గద్యం కలిసి నడుస్తుంది. కూచిపూడిలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం ఈ గ్రంథంలోంచి వచ్చిందే. వరదనీ, నొప్పినీ చూసిన మనిషి రాసుకున్నది ఏడుపు కాదు, వెన్నదొంగ అల్లరి. బాధ ఉన్నంత మాత్రాన ఆనందానికి అర్హత పోదని నాకు నేర్పింది అదే.

నాకు పూర్తిగా తగ్గిపోయిందని చెప్పను. ఇప్పటికీ నెలకోసారి ఆ దడ వస్తుంది. వచ్చినప్పుడు కూర్చుంటా, మెల్లగా ఊపిరి తీసుకుంటా, ఒక తరంగం పెట్టుకుంటా. మాత్ర మానను, పూజా మానను. ఉద్యోగం చేసుకుంటున్నా, ఈ వీడియోలూ చేస్తున్నా.

మీలో ఎవరైనా ఇలాగే ఉంటే ఒక్కరే మోయొద్దు. ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416. ఫ్రీ, 24 గంటలూ తెలుగులోనే మాట్లాడొచ్చు. మందులు వాడుతుంటే, ఎవరేమన్నా డాక్టర్‌ని అడక్కుండా ఆపకండి.

ఈసారి కాజా టోల్‌గేట్ దాటేటప్పుడు ఆ ఊరి వైపు తిరిగి ఒక్క దండం పెట్టుకోండి. మనలాగే బాధపడ్డ మనిషి ఒకాయన అక్కణ్ణుంచే నడక మొదలుపెట్టారు.

జై శ్రీకృష్ణ! వచ్చే వారం కలుద్దాం.