ఫోటాన్ భ్రమణాన్ని కొలిచిన సూరి భగవంతం

నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం, హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టా పొంది, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ వద్ద చేరారు. చెదిరిన కాంతిలో కొంత భాగం తరంగదైర్ఘ్యం మారుతుందని రామన్ బృందం కనుగొన్న సంవత్సరమది. కాంతి తరంగమే కాక కణం కూడా అయితే, ఆ కణానికి స్వీయభ్రమణం ఉంటుందా? 1931లో గురుశిష్యులు ఈ ప్రశ్నను ప్రయోగానికి పెట్టారు. చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి, ప్లాంక్ స్థిరాంకపు లెక్కలో ఫోటాన్ భ్రమణం ఒక ప్రమాణమని తేల్చారు. నేటి పాఠ్యపుస్తకాలు చెప్పే విలువ అదే. ఆ ప్రయోగానికి మాత్రం రావలసినంత పేరు రాలేదు. అనంతరం వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులయ్యారు. టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ గ్రంథం రచించారు. ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా సేవలందించి 1989లో కన్నుమూశారు.