తలుపు దాటిన పరామర్శ



ఆదివారం ఆరాధనలో ముందు వరుస చాప మీద కూర్చునే ఒక పెద్దమ్మ మూడు వారాలుగా కనబడదు. పాస్టరుగారు ఆ ఇంటికి వెళతారు. కొడుకు గడప దగ్గరే ఎదురొచ్చి మర్యాదగా కుర్చీ వేస్తాడు, టీ తెప్పిస్తాడు. అమ్మ నిద్రపోతోందంటాడు. వరండాలోనే ప్రార్థన చేసి, పరామర్శించి వచ్చామని సంఘంలో చెప్పుకుంటాం. నా పరిచర్యలో నేనూ అలా తిరిగొచ్చిన రోజులున్నాయి. అలాంటి ఒక ఇంట్లో ఆ తల్లిని వెనుక రేకుల షెడ్డులో ఉంచారనీ, పొలం కాగితాల మీద ఆమె వేలిముద్ర అప్పటికే పడిపోయిందనీ ఎప్పటికో తెలిసింది. వరండా దాకా వెళ్లి ఆగిపోయినవాణ్ణి గనుక ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలదు.

మేళ్లచెరువు, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాక భూమికి విలువ పెరిగింది. భూమి విలువ పెరిగిన చోట ముసలివారి వేలిముద్రకు కూడా విలువ పెరుగుతుంది. ఈ వారం నాకు కొర్నేలియా సొరాబ్జీ గుర్తుకు రావడానికి కారణం అదే. మూసిన తలుపుల వెనుక ఉన్న నిస్సహాయులను చూడటానికి చట్టం ఇచ్చే అధికారం కావాలని పట్టుబట్టి, ఆ అధికారంతో ఇరవై ఏళ్లు తిరిగిన క్రైస్తవ స్త్రీ ఆమె.

కొర్నేలియా 1866 నవంబరు 15న నాసిక్‌లో పుట్టారు. తండ్రి సొరాబ్జీ ఖర్సేద్జీ పార్శీ కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్మినందుకు సొంతవాళ్ల చేతనే హింసలు పడి, తర్వాత సువార్త సేవకుడైనవాడు. తల్లి ఫ్రాన్సీనా పూనాలో పాఠశాలలు నడిపిన విద్యావంతురాలు. ఆ ఇంట్లో ఆడపిల్లలే ఎక్కువ. వాళ్లను చదివించడం భారమని ఆ తల్లిదండ్రులు ఎన్నడూ అనుకోలేదు. ఒక కూతురు ఆలిస్ వైద్యురాలై సరిహద్దు ప్రాంతమైన బన్నూలో మిషనరీ వైద్యుడైన భర్తతో కలిసి సేవ చేసింది. మరో కూతురు సూసీ పూనాలో విద్యారంగానికే జీవితాన్ని ఇచ్చింది. కొర్నేలియా న్యాయశాస్త్రం వైపు వెళ్లారు.

దానికి కారణం చిన్ననాడు ఇంట్లో చూసిన ఒక సంఘటన. గుజరాత్ ప్రాంతానికి చెందిన ఒక ధనిక వితంతువు ఫ్రాన్సీనా దగ్గరికి కన్నీళ్లతో వచ్చింది. ఆమె ఘోషాలో ఉండే మనిషి, పరాయి మగవాడి ఎదుటికి రాకూడదు. ఆస్తి వ్యవహారాలన్నీ ఒక మేనేజరు చేతిలో ఉండేవి. అతను నమ్మకంగా సంతకాలు చేయించుకుని ఆస్తిని తన పేర రాయించుకున్నాడు. వకీలు దగ్గరికి ఆమె వెళ్లలేదు, వకీలు ఆమె గదిలోకి రాలేడు. ఆ వకీలుతో మాట్లాడాలన్నా మధ్యలో ఉండేది మోసం చేసిన ఆ మేనేజరే. ఆమె వెళ్లిపోయాక తల్లి ఈ చిక్కును కూతురికి వివరించింది. ఇలాంటివారికి సహాయం చేయాలనుంటే న్యాయశాస్త్రం చదవమని చెప్పింది. ఆ మాట ఆ చిన్నపిల్ల మనసులో నాటుకుంది.

చదువు దారి తేలికగా సాగలేదు. పూనాలోని దక్కన్ కళాశాలలో మగపిల్లల మధ్య చదివి, 1888లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి పట్టం పొందిన మొదటి స్త్రీ అయ్యారు. ఆమెకు వచ్చిన మార్కులకు ఇంగ్లండు వెళ్లి చదివే ప్రభుత్వ స్కాలర్‌షిప్ రావాలి. ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో దాన్ని నిరాకరించారు. కొంతకాలం అహ్మదాబాదులోని గుజరాత్ కళాశాలలో పాఠాలు చెప్పారు. తర్వాత ఇంగ్లండులో కొందరు దాతలు చందాలు పోగుచేశారు. వాళ్లలో ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా ఉన్నారు. 1889లో ఆక్స్‌ఫర్డులోని సోమర్విల్‌లో చేరి, 1892లో బీసీఎల్ పరీక్ష రాశారు. ఒక స్త్రీని పురుషులతో పాటు ఆ పరీక్షకు కూర్చోబెట్టడానికి విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా తీర్మానం చేయాల్సి వచ్చింది. పరీక్ష రాయనిచ్చారు గాని పట్టా ఇవ్వలేదు. ఆ పట్టా ఆమె చేతికి వచ్చేసరికి 1922 అయింది. ముప్పై ఏళ్లు!

ఇండియాకు తిరిగి వచ్చాక మరో గోడ అడ్డొచ్చింది. కాఠియావాడ్ వంటి సంస్థానాల్లో ఏజెంట్ల ముందు ఘోషా స్త్రీల తరఫున మాట్లాడనిచ్చారు గాని, బ్రిటిష్ ఇండియా కోర్టుల్లో వకీలుగా నమోదు చేసుకోలేదు. బొంబాయిలో ఎల్‌ఎల్‌బీ, 1899లో అలహాబాదు హైకోర్టు వకీలు పరీక్ష, రెండూ పాసయ్యారు. అయినా తలుపు తెరుచుకోలేదు. చట్టం తెలిసినంత మాత్రాన చాలదనీ, ఆ ఇళ్లలోకి వెళ్లే హక్కు, చూసినదాన్ని రాసిపెట్టే హోదా, రాసినదాన్ని పైవాళ్లు పట్టించుకునే ఏర్పాటు ఉండాలనీ ఆమెకు అర్థమైంది. 1902 నుంచి ఆ ఒక్క పని కోసం అధికారులకు విన్నపాలు పంపుతూ, లండను పత్రికలకు రాస్తూ వచ్చారు. 1904లో బెంగాల్ ప్రభుత్వం ఆమెను కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌కు సహాయకురాలిగా నియమించింది.

కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అంటే ఏమిటో నేటి పాఠకులకు కొంచెం చెప్పాలి. పేరులో కోర్టు ఉన్నా అది న్యాయస్థానం కాదు, రెవెన్యూ బోర్డు నడిపే ఏర్పాటు. జమీందారు చనిపోయి వారసుడు పసివాడైనా, యజమానికి మతిస్థిమితం లేకపోయినా, యజమానురాలు ఆస్తిని నిర్వహించుకోలేదని తేల్చినా, ఆ ఎస్టేటును ప్రభుత్వం తన రక్షణలోకి తీసుకునేది. మద్రాసు రాజధానిలో ఇందుకు 1902లో చట్టం వచ్చింది. పిఠాపురం వంటి మన తెలుగు సంస్థానాలు కూడా వారసులు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఈ రక్షణ కిందికి వచ్చాయి.

కాగితం మీద ఇది గొప్ప అధికారమే. కాని కలెక్టరు మగవాడు. తాను కాపాడాల్సిన వితంతువు ముఖం అతను చూడలేడు. ఆమె తిన్నదో లేదో, బిడ్డకు జబ్బు చేసిందో, తెర వెనుక నుంచి వచ్చిన గొంతు ఆమెదో కాదో, కాగితం మీద సంతకం చేసిన చేయి ఎవరిదో, అన్నీ దివాను చెప్పినట్టు నమ్మాల్సిందే. దోచుకునేవాడే సాక్షి. ఆ ఖాళీలోకి కొర్నేలియా అడుగుపెట్టారు.

బెంగాల్, బీహారు, ఒరిస్సా, అస్సాం ప్రాంతాలన్నీ ఆమె పరిధిలోకి వచ్చాయి. రైళ్లలో, పల్లకీల్లో, పడవల్లో, కొన్నిచోట్ల ఏనుగుల మీద కూడా వెళ్లి అంతఃపురాల్లో అడుగుపెట్టేవారు. అక్కడ నేల మీద కూర్చుని ఆ స్త్రీలతో వాళ్లకు తెలిసిన మాటల్లో మాట్లాడేవారు. ఏ పత్రం మీద ఏం రాసుందో విప్పి చెప్పేవారు. భరణం నిజంగా చేతికి అందుతోందా, పిల్లలు చదువుకుంటున్నారా, జబ్బుపడితే వైద్యం జరుగుతోందా అని కనుక్కునేవారు. వారసత్వం కోసం పసివాడి ప్రాణానికే ముప్పు ఉన్న ఇళ్లు ఉండేవి. దత్తత గొడవల్లో ఒకే ఇంట్లో ఇద్దరు వితంతువులు శత్రువులైన చోట్లు ఉండేవి. అలాంటి చోట రాజీ కుదర్చడం, కుదరకపోతే బోర్డుకు నివేదిక రాయడం ఆమె పని. ఆమె క్రైస్తవురాలని ఆ ఇళ్లవాళ్లందరికీ తెలుసు. వాళ్ల ఆచారాలను ఆమె గౌరవించారు గనుకనే తలుపులు తెరుచుకున్నాయి. ఇరవై ఏళ్లలో 600 మందికి పైగా స్త్రీలకు, పిల్లలకు ఆమె సహాయం అందిందని అంచనా. 1909లో కైజర్-ఇ-హింద్ బంగారు పతకం వచ్చింది.

ఆ రోజుల్లో న్యాయస్థానాలు ఒక సూత్రం పాటించేవి. ఘోషా స్త్రీ దగ్గర దస్తావేజు రాయించుకున్నవాడే, అందులో ఏముందో ఆమెకు అర్థమయ్యాకే సంతకం చేసిందని నిరూపించాలి. నిరూపణ భారం బలహీనురాలి మీద కాక, లాభం పొందినవాడి మీద ఉండేది. ఆ సూత్రం నేటికీ మన కోర్టుల్లో బతికే ఉంది. చదువురాని నిస్సహాయ స్త్రీలకు కూడా దాన్ని వర్తింపజేస్తున్నారు. అయితే సూత్రం కోర్టులో ఉంటుంది, బాధితురాలు ఇంట్లో ఉంటుంది. ఆ రెంటికీ మధ్య నడిచే మనిషి కావాలి. కొర్నేలియా జీవితమంతా ఆ నడకే.

ఆమెను దేవదూతను చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. రక్షణ పేరిట ఇచ్చిన ఆ అధికారానికి ఇంకో వైపు కూడా ఉంది. ఆస్తి చూసుకోగల స్త్రీని కూడా చేతకానిదని ముద్రవేసి, ఆమె ఇల్లు, ఆదాయం, నిర్ణయాలు అన్నీ ప్రభుత్వం చేతిలోకి తీసుకునే వీలు ఆ చట్టంలో ఉంది. సంరక్షకుడే యజమాని అయిపోయే ప్రమాదం అది. అంతఃపురాల్లో తాను చూసిన నిస్సహాయతను బట్టి, దేశమే ఇంకా స్వయంపాలనకు సిద్ధం కాలేదని కొర్నేలియా నమ్మారు. గాంధీజీ ఉద్యమాన్ని వ్యతిరేకించారు. 1927లో భారతీయులను కించపరిచిందని దేశమంతా మండిపడిన కేథరిన్ మేయో పుస్తకాన్ని సమర్థించారు. దానితో తన సేవా కార్యక్రమాలకు తోడుగా ఉన్నవారు చాలామంది దూరమయ్యారు. నిస్సహాయులను కాపాడే పనిలో దీర్ఘకాలం ఉన్నవారికి అందరూ నిస్సహాయులుగానే కనబడటం మొదలవుతుందేమో. సంఘ కాపరులమైన మనం కూడా జాగ్రత్తపడాల్సిన చోటు ఇది.

1923లో చట్టం మారి స్త్రీలు న్యాయవాద వృత్తిలోకి రాగలిగారు. అప్పటికి కొర్నేలియా యాభై ఏడేళ్లకు దగ్గరయ్యారు. కలకత్తాలో బారిస్టరుగా కొన్నేళ్లు పనిచేసి, తర్వాత లండను చేరారు. 1934లో ఆత్మకథ వెలువడింది. 1954 జూలై 6న అక్కడే కన్నుమూశారు. 2012లో లండనులోని లింకన్స్ ఇన్‌లో ఆమె ప్రతిమను ఉంచారు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. జమీందారీలు పోయాయి, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పోయింది. కాని చట్టం చేతిలో అధికారం ఇంకా ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం 60 ఏళ్లు దాటినవారు ఆర్డీవో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇవ్వమని ట్రిబ్యునల్ ఆదేశించగలదు. స్వయంగా వెళ్లలేనివారి తరఫున వాళ్లు అధికారమిచ్చిన మరొకరు గాని, నమోదైన సంస్థ గాని దరఖాస్తు ఇవ్వవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానే కూడా విచారణ చేపట్టవచ్చు. తన కనీస అవసరాలు చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, ఆ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయించుకునే వీలుంది. ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించడం చాలా ముఖ్యం. లేకపోతే ఆ తర్వాత నిరూపించడం కష్టమవుతుంది. రిజిస్ట్రేషన్‌కు వెళ్లేముందే ఈ మాట మన సంఘాల్లోని పెద్దవాళ్ల చెవిన పడాలి.

పెద్దవాళ్లను కావాలని వదిలేస్తే మూడు నెలల వరకు జైలు ఉంది. ఇంట్లో హింస పడుతున్న స్త్రీ గురించి 2005 గృహహింస చట్టం కింద ఎవరైనా రక్షణ అధికారికి తెలియజేయవచ్చు. వికలాంగుల విషయంలో 2016 చట్టం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఆ బాధ్యత ఇచ్చింది. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు పెట్టడానికి లేదని గృహహింస చట్టం చెబుతోంది. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది.

పాస్టరుకు ఎవరింటి తలుపూ తోసుకుని వెళ్లే అధికారం లేదు, ఉండకూడదు కూడా. కాని అమ్మను ఒక్కసారి చూసి ప్రార్థన చేసి వెళతానని గడప దగ్గర నిలబడగలం. సంఘంలోని ఒక సహోదరిని వెంట తీసుకెళ్లి, ఆ తల్లితో కొడుకు కోడలు లేనప్పుడు నాలుగు మాటలు మాట్లాడించగలం. తిన్నావా అమ్మా, మందులు ఇస్తున్నారా, ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేశావా, నీకేం కావాలి అని అడగగలం. చివరి ప్రశ్న మరవకూడదు. ఆమె వద్దంటే ఆమె మాట వినాలి, మళ్లీ మళ్లీ వెళ్లి రావాలి. ప్రాణానికే ముప్పుంటే ఆలస్యం చేయకుండా అధికారులకు తెలియజేయాలి. పరువు పోతుందని కుటుంబం బతిమాలుతుంది. మంచి కానుకలిచ్చే కుటుంబమైతే మన నోరు మరింత మూతపడుతుంది. అక్కడే మన పరిచర్యకు పరీక్ష.

విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడం నిజమైన భక్తి అని యాకోబు పత్రిక నేర్పుతుందని మనందరికీ తెలుసు. ఆ పరామర్శ వరండాలో ఆగిపోయేది కాదని కొర్నేలియా సొరాబ్జీ తన జీవితంతో చూపించారు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక చాపల వైపు ఒకసారి చూడండి. ఎవరి చోటు ఖాళీగా ఉందో గుర్తుపెట్టుకోండి. సోమవారం ఆ ఇంటికి వెళ్లండి, లోపలి గది దాకా.