అన్నంభట్టు: బుద్ధ్యాత్మ విచారం

తర్కసంగ్రహకర్తగా సుప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు. స్వస్థలం గరికపాడు అని ప్రసిద్ధి. తండ్రి తిరుమలాచార్యుడు, రాఘవ సోమయాజి వంశం వారిది. కాశికి పోయినంతమాత్రాన ప్రతి బ్రాహ్మణుడూ అన్నంభట్టు కాలేడన్న లోకోక్తి ఇతని పాండిత్యానికి నిదర్శనం.

బాలబోధకై రచించిన తర్కసంగ్రహంలోనూ, దానికి తానే కూర్చిన దీపికలోనూ ఇతడు న్యాయవైశేషిక మతాన్ని అనుసరించాడు. అందులో బుద్ధి అంటే జ్ఞానమే. అది 24 గుణాలలో ఒకటి. ఆత్మ దానికి ఆశ్రయమైన ద్రవ్యం. ఇతడే బ్రహ్మసూత్రాలకు మితాక్షర అనే వృత్తిని అద్వైతపరంగా రచించాడు. అద్వైతమతంలో బుద్ధి అంతఃకరణమే గాని ఆత్మగుణం కాదు. ఆత్మ జ్ఞానాశ్రయం కాదు, జ్ఞానస్వరూపం.

ఒకే లేఖిని నుండి వెలువడిన ఈ రెంటికీ పొత్తు ఎట్లా కుదురుతుంది? తర్కం పదార్థాలను విడదీసి చూపుతుంది; ఎరిగేవాని స్వరూపాన్ని వేదాంతం విచారిస్తుంది. పాణిని సూత్రాలకు కూడ వ్యాఖ్య రచించిన అన్నంభట్టు ఏ శాస్త్రాన్ని ఆ శాస్త్రమర్యాదలోనే బోధించాడు. కనుక తర్కసంగ్రహం ఒక్కటే చదివి, బుద్ధి ఆత్మగుణమన్నదే ఇతని తుది సిద్ధాంతమని నిర్ణయించరాదు. మన విద్యార్థులు బ్రహ్మసూత్ర మితాక్షరను కూడ పరిశీలించినప్పుడే ఇతని విద్యాజీవితం సమగ్రంగా బోధపడుతుంది.