స్వశక్తితో చదివిన మఖ్దూం మొహియుద్దీన్

విద్యార్థి దశలో అలవరచుకొనవలసిన గుణాలలో స్వావలంబన ప్రధానమైనది. ఇంటి నుండి అందే రొక్కంతో నిశ్చింతగా చదివేవారు కొందరు. చదువు భారాన్ని తామే మోస్తూ సాగేవారు మరికొందరు. ఈ రెండవ కోవకు చెందిన మహనీయుడు ఉర్దూ మహాకవి, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్.

ఆయన 1908 ఫిబ్రవరి 4న మెదక్ ప్రాంతంలోని అందోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రి గతించగా తండ్రి సోదరుడు బషీరుద్దీన్ ఆయనను పెంచారు. మసీదు ఊడ్చడం, నీళ్లు తోడిపెట్టడం ఆ బాలుని దినచర్యలో భాగాలు. ఏ పనీ హీనమైనది కాదన్న తొలిపాఠం ఆయనకు అక్కడే లభించింది.

ఉన్నత విద్యకై ఆయన హైదరాబాదు చేరారు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆనాడు ఉర్దూలోనే సకల శాస్త్రాలనూ బోధించేది. కనుక అందోలు నుండి వచ్చిన ఆ యువకునికి భాష అడ్డు కాలేదు, అడ్డుపడినది దారిద్ర్యమే. అద్దెకు గది తీసుకొనే స్తోమత లేక మసీదులో తలదాచుకొన్నారు. బొమ్మలు అమ్మారు, పిల్లలకు ట్యూషన్లు చెప్పారు, పత్రికలలో పని చేశారు. ఇన్ని యాతనల నడుమ కూడా ఆయనలోని హాస్యప్రియత్వం వాడిపోలేదు. విద్యార్థిగా ఉండగానే ‘పీలా దుషాలా’ అనే హాస్యకవితతో తోటివారి మన్ననలు పొందారు. 1936లో ఎం.ఏ. పూర్తిచేశారు.

తరువాత సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపక పదవి లభించింది. అంతటి శ్రమకు ఫలంగా దక్కిన ఆ ఉద్యోగాన్ని కొద్ది సంవత్సరాలకే వదలి, కమ్యూనిస్టు ఉద్యమంలో, కార్మిక సంఘాల నిర్మాణంలో నిమగ్నులయ్యారు. తన పొట్ట తాను పోసుకోవడమే స్వావలంబన అయితే ఈ త్యాగం మనకు అర్థం కాదు. ఒంటరిగా ఆకలిని ఎదిరించినవాడు, ఆకలిగొన్న పదిమంది పక్షాన నిలబడగల ధైర్యాన్ని కూడా సంపాదించుకొంటాడని ఆయన జీవితం తెలుపుతుంది. 1944లో ‘సుర్ఖ్ సవేరా’ కవితా సంపుటి వెలువడింది. హైదరాబాదు శాసనసభలోనూ, అనంతరం ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలోనూ శ్రామికుల వాణిని వినిపించారు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. ‘బిసాతె రఖ్స్’ గ్రంథానికి 1969 సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

మన రామగిరి ప్రాంతంలో, తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని బొగ్గుబావి నుండి ఇల్లు చేరేసరికి ఇంకా నిద్రలేవని కుమారులు లేకపోలేదు. అలాగే, తెల్లవారుజామున పేపర్లు వేసి, సాయంత్రం ట్యూషన్లు చెప్పి, ఆ సంగతి స్నేహితులకు తెలియకుండా దాచుకొనే విద్యార్థులూ లేకపోలేదు. మొదటివారు మఖ్దూం జీవితాన్ని చదివి మేలుకోవాలి. రెండవవారు తలదించుకోవలసిన పనిలేదు. వారు నడుస్తున్నది ఒక మహాకవి నడిచిన బాటలోనే.