శ్రీనికేతన నిర్మాత

రవీంద్రనాథ టాగూర్ (1861–1941) విశ్వకవిగా లోకప్రసిద్ధులు. పల్లె నేలను బ్రతికించే చదువుకై ఆయన పడిన పాట్లు అంతగా ప్రచారానికి నోచుకోలేదు.

తండ్రి జమీందారీ వ్యవహారాలు చూడవలసి వచ్చి, 1890వ దశకంలో ఆయన తూర్పు బెంగాల్ గ్రామాలలో నివసించారు. అప్పులు, జ్వరాలు, సారం తగ్గిన పొలాలు ఆయన కంటబడ్డాయి. దానధర్మాలతో ఈ దైన్యం తొలగదని, తగిన విద్య కావాలని గ్రహించారు. 1906లో కుమారుడు రథీంద్రనాథుని వ్యవసాయశాస్త్రం అభ్యసించడానికి అమెరికా పంపారు. జమీందారు బిడ్డ సేద్యపు చదువుకై సముద్రాలు దాటడం ఆనాటికి వింతే! పతిసర్‌లో రైతులకై స్థాపించిన బ్యాంకులో తమ నోబెల్ బహుమతి ధనాన్ని ఉంచారు. బాకీలు వసూలు కాక ఆ ధనం తిరిగి చేతికి రాలేదు. అయినా ఆయన వెనుదీయలేదు.

1922 ఫిబ్రవరిలో శాంతినికేతనానికి చేరువనున్న సురుల్‌లో, ఆంగ్లేయుడైన లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ సాయంతో గ్రామ పునర్నిర్మాణ కేంద్రాన్ని నెలకొల్పారు. అదే శ్రీనికేతనం. వానలకు పైమన్ను కొట్టుకొనిపోయి గండ్లు పడిన ఎర్రనేల అది. మలేరియాతో ఊళ్లు క్షీణిస్తున్నాయి. నేల నుండి తీసుకొన్నది నేలకే తిరిగి చేరాలన్నది అక్కడి ప్రథమ పాఠం. విద్యార్థులు తమ మరుగుదొడ్లను తామే శుభ్రపరచి, ఆ మలాన్ని ఎరువుగా మార్చారు. కులాభిమానం గల కుటుంబాల యువకులకు ఇది ఏ పరీక్ష కన్నా కఠినమైనది. 1924లో పేద గ్రామీణ బాలలకై శిక్షాసత్రం వెలసింది.

1928లో వృక్షారోపణ, హలకర్షణ ఉత్సవాలు ఆరంభమయ్యాయి. హలకర్షణం నాడు అరవై ఏడేళ్ల కవి స్వయంగా నాగలి పట్టారు.